ఒక ఆటకు ఒకే లీగు చాలా? స్టీఫెన్ రాస్ వాదనపై చర్చ

కృష్ణాతీరం:
అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు స్టీఫెన్ రాస్ 1989లో మిన్నెసోటా లా రివ్యూలో రాసిన వ్యాసం ఈ మధ్యే చదివాను. అక్కడి పెద్ద లీగులు గుత్తాధిపత్యంతో బతుకుతున్నాయి కాబట్టి వాటిని విడగొట్టి, ఒకే ఆటలో లీగుల మధ్య పోటీ పెట్టాలంటారాయన. జట్టు యజమాని ‘ప్రజల సొమ్ముతో స్టేడియం కట్టించండి, లేకపోతే ఊరు మారుస్తాను’ అని నగరాన్ని బెదిరించగలుగుతున్నాడంటే, ఆ నగరానికి తలుపు తట్టడానికి మరో లీగు లేకపోవడమే కారణం. నేను ఆయన పక్షమే.

కర్ట్ ఫ్లడ్ సంగతి చూడండి. సెయింట్ లూయిస్‌కు పన్నెండు సీజన్లు ఆడిన బేస్‌బాల్ ఆటగాడు. 1969లో అతని ఇష్టం అడగకుండానే ఫిలడెల్ఫియాకు బదలాయించారు. నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మడానికి నేను ఆస్తిని కాను అని డిసెంబరు 24న కమిషనర్‌కు ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతణ్ణి ఓడించింది. బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదన్న 1922 నాటి తీర్పే అందుకు ఆధారం. ఆ మినహాయింపు అసంగతమని ఒప్పుకుంటూనే, సరిదిద్దే పని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ది అని చేతులు దులుపుకుంది. నాకు మింగుడుపడనిది ఇదే.

పాతబంతి:
ఫ్లడ్‌కు జరిగింది అన్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దానికి మందు లీగును ముక్కలు చేయడమా? కిరాణా కొట్టువాడు ఎదుటి కొట్టు మూతపడితే సంతోషిస్తాడు. జట్టుకు మాత్రం ఎదుటి జట్టు లేకపోతే ఆటే లేదు. మంచి ఆటగాళ్లు రెండు లీగులకు చీలిపోతే అసలు విజేత ఎవరో ఎలా తేలుతుంది? అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెండు లీగులు 1966లో ఏకమవడానికి ఒప్పుకున్నాకే విజేతను తేల్చే సూపర్ బౌల్ మ్యాచ్ పుట్టింది.

కృష్ణాతీరం:
పాతబంతి గారూ, ఆ విలీనానికి కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఎందుకంటారు? ఆటగాళ్ల కోసం రెండు లీగులూ పోటాపోటీగా డబ్బు పెంచుతుంటే యజమానులు తట్టుకోలేకపోయారు. విజేతను తేల్చడానికి రెండు లీగుల విజేతలు ఏటా ఒక్కసారి తలపడితే చాలు, లీగులు కలిసిపోనక్కర్లేదు.

ఆ తర్వాత యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే కొత్త ఫుట్‌బాల్ లీగు కోర్టుకు వెళ్లింది. ఆ రెండు లీగులూ కలిసిన పెద్ద లీగు పేరే ఎన్‌ఎఫ్‌ఎల్. ఎన్‌ఎఫ్‌ఎల్ గుత్తాధిపత్యానికి పాల్పడిందని 1986లో జ్యూరీ తేల్చి, నష్టపరిహారం ఒక్క డాలరు ఇచ్చింది. చట్టం ప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. అప్పటికే ఆ లీగు చితికిపోయింది.

పాతబంతి:
సగమే చెప్పారు. ఆ లీగు వసంతకాలం వదిలి, శరదృతువులో ఎన్‌ఎఫ్‌ఎల్‌తో నేరుగా తలపడాలనుకోవడం సొంత తప్పిదం. జ్యూరీ డాలరుతో సరిపెట్టడం ఊరికే జరగలేదు.

సికింద్రాబాదీ:
మీరిద్దరూ అమెరికా దాకా వెళ్లారు. నేను 2008లో లాల్ బహదూర్ స్టేడియంలో ఐసీఎల్ మ్యాచ్ చూశాను, అదే బీసీసీఐ గుర్తించని ఇండియన్ క్రికెట్ లీగ్. మా పక్క వరుసలో ఒక పెద్దాయన ప్రతి బంతికీ మనవడికి ఆటగాళ్ల పేర్లు చెబుతున్నాడు, అందరూ మన మైదానాల్లో ఆడి పెరిగిన పిల్లలే. ఆ లీగులో చేరినందుకు బీసీసీఐ వాళ్లను దూరం పెట్టింది. అంబటి రాయుడు 2007లో చేరి, 2009లో క్షమాభిక్ష దొరికాకే తిరిగి రాగలిగాడు. భారత జట్టుకు తొలి వన్డే ఆడేసరికి 2013 వచ్చింది. ఆటగాడికి ఇరవైల్లో పోయిన ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

పాతబంతి:
ఈ విషయంలో మీతో వాదించను. ఐపీఎల్‌కు పోటీగా మరో లీగును పదేళ్లపాటు గుర్తించబోమని ప్రసార హక్కుల ఒప్పందంలో బీసీసీఐ రాసిచ్చింది. దీనిపైనే పోటీ కమిషన్ 2013లో 52.24 కోట్ల జరిమానా వేసింది. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేస్తే, 2017లో కమిషన్ మళ్లీ అంతే మొత్తం వేసింది. నా అభ్యంతరమల్లా లీగును చీల్చడం మీదే. ఆటను నియంత్రించే సంస్థా, లీగు నడిపి లాభం తీసుకునే సంస్థా ఒకటే కాకుండా చూస్తే చాలంటాను.

కృష్ణాతీరం:
రాస్ కూడా చీల్చడం దగ్గరే ఆగిపోలేదు. 2002లో ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్స్కీతో కలిసి, ఐరోపా ఫుట్‌బాల్‌లా కింది జట్లు గెలిచి పైకి రావడం, ఓడినవి దిగిపోవడం అమెరికాలోనూ ఉండాలని రాశారు. అప్పుడు విజేత ఒక్కరే ఉంటారు, బయటివాళ్లకు దారీ ఉంటుంది. దీనికైనా ఒప్పుకుంటారా?

పాతబంతి:
దీనికి ఒప్పుకుంటాను. కానీ వందల కోట్లు పోసి జట్టు కొన్నవాడు దిగిపోవడానికి ఎందుకు సంతకం పెడతాడో మీరు చెప్పాలి.