ఇయాన్ రష్ వీడియోలు చూసి మా వాడు నేర్చుకునేదేముంది?

గుణుపూర్ కుర్రాడు:

అందరికీ నమస్తే. మా మేనత్త కొడుక్కి పదహారేళ్లు, స్ట్రైకర్‌గా ఆడతాడు. కోతలయ్యాక రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా ఎక్కడ టోర్నమెంట్ పెట్టినా వీడు అక్కడే. బాల్ కాలికి తగిలిందా, గోలే. తగలనంతసేపూ మాత్రం నడుం మీద చేతులేసుకుని నిలబడతాడు. మా ఊరి పెద్దాయన ఒకరు ‘ఇయాన్ రష్ ఆట చూడరా’ అన్నారట, 1980ల నాటి వేల్స్ స్ట్రైకర్. ఇద్దరం కూర్చుని చూశాం. మీసాలు, బక్కపలచని మనిషి. నలుగురిని తప్పించుకుంటూ పోవడాలు లేవు, గోల్ ముందు నిలబడి లోపలికి తోసేయడమే. ఇంగ్లాండ్ క్లబ్ లివర్‌పూల్‌కి 346 గోల్స్ అంటున్నారు గానీ ఒక్క వరల్డ్ కప్ కూడా ఆడలేదు. ఇటలీ వెళ్లి ఏడాదికే తిరిగొచ్చాడు. ఇంతకీ ఇతని గొప్పేంటి?

బరంపురం బ్యాక్:

నన్నడిగితే కాలం కలిసొచ్చింది, అంతే. అప్పట్లో డిఫెండర్ వెనక్కి ఇచ్చిన బాల్‌ని గోలీ చేత్తో పట్టుకునేవాడు. ఆట నత్తనడక. ఇప్పటి డిఫెన్సుల ముందు ఇతను తేలిపోతాడు. మీ వాడికి ఇప్పటి నార్వే స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ వీడియోలు చూపించు తమ్ముడూ.

పర్లాకిమిడి మాస్టారు:

బ్యాక్ గారూ, మీరు చెప్పిన రూలే మీ మాటకి అడ్డమొస్తుంది. గోలీ చేత్తో పట్టుకోవచ్చు కాబట్టి అప్పటి డిఫెండర్లకి చిక్కొస్తే వెనక్కి తోసేసే దారి ఉండేది. 1992లో కదా ఆ రూలు మారింది. అంత సులువైన దారి ఉన్నా, వాళ్ల మీదకి పరిగెత్తి తప్పు చేయించేవాడు రష్. లివర్‌పూల్‌కి మొదటి డిఫెండర్ అతనే అని ఊరికే అనలేదు. ఇప్పుడు ప్రెస్సింగ్ అని ప్రతి కోచ్ జపం చేస్తున్నాడే, ఆ పని అతను అప్పుడే చేశాడు.

గుణుపూర్ బాబూ, నువ్వు చూసింది గోల్స్ మాత్రం కోసి పెట్టిన వీడియో అయుంటుంది. అందులో రష్ సగమే కనిపిస్తాడు.

1986 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ తీసుకో. ఎదురుగా ఎవర్టన్, అదే ఊరి టీము. లినేకర్ గోల్‌తో వాళ్లే ముందున్నారు. రెండో సగంలో ఎవర్టన్ బ్యాక్ గ్యారీ స్టీవెన్స్ పాస్ తప్పాడు. లివర్‌పూల్ ఆటగాడు వీలన్ అందుకున్నాడు, అక్కణ్ణుంచి తన జట్టు మోల్బీకి. మోల్బీ తలెత్తి చూసేసరికే రష్ పరుగులో ఉన్నాడు. అదీ నువ్వు చూడాల్సింది. ఎదుటివాడు బాల్ పోగొట్టుకున్న మరుక్షణం అతను కదిలాడు, మనవాడి కాలికి బాల్ చేరేదాకా ఆగలేదు. బాల్ వచ్చాక గోలీని పక్కనుంచి దాటేసి ఖాళీ గోల్‌లో వేశాడు. చివర్లో ఇంకోటి కొడితే నెట్‌లో పెట్టిన కెమెరా పడిపోయింది. 3-1.

ఇక గోల్స్ సంగతి. అవీ మొదట్నుంచీ సులువుగా పడలేదు. ఉత్తర వేల్స్‌లో ఫ్లింట్ అనే ఊళ్లో పదిమంది పిల్లల ఇంట్లో పెరిగాడు. చెస్టర్ అనే క్లబ్‌కి ఆడుతుంటే 1980లో లివర్‌పూల్ 3 లక్షల పౌండ్లిచ్చి కొంది. అప్పట్లో టీనేజ్ కుర్రాడికి అంత డబ్బు అక్కడ ఎవరూ పెట్టలేదు. తీరా వచ్చాక గోల్స్ పడలేదు. పాస్‌లిచ్చి అందరి మెప్పూ పొందుదామని చూసేవాడు. మేనేజర్ బాబ్ పైస్లీ పిలిచి, కాస్త స్వార్థంగా ఆడు, గోల్ వైపు కొట్టు అన్నాడు. 1981 సెప్టెంబర్‌లో ఫిన్లాండ్ టీము మీద మొదటి గోల్ పడింది. ఇక ఆగలేదు. 1982 నవంబర్‌లో ఎవర్టన్ సొంత గ్రౌండ్‌లో 5-0, అందులో నాలుగు ఇతనివే. ఆ రోజు గోల్‌లో ఉన్నది నెవిల్ సౌతాల్. సాటి వేల్స్ వాడే, పాపం. 1983-84లో ఒక్క సీజన్లో 47 గోల్స్. రష్ గోల్ కొడితే లివర్‌పూల్ ఓడదు అన్న మాట 1987 లీగ్ కప్ ఫైనల్లో ఆర్సెనల్ చెరిపేసేదాకా నిలిచింది.

ఇటలీలో అతను ఆడిన జువెంటస్ క్లబ్ సంగతి నిజమే, లీగ్‌లో 7 గోల్సే. కానీ ఆ క్లబ్‌లో ఆట నడిపించిన ప్లాటినీ అప్పుడే రిటైరయ్యాడు, బాల్ అందించేవాడు లేడు. పైగా ఇటలీ డిఫెన్సంటే ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లకే చెమటలు పట్టేవి. తిరిగొచ్చాక ఏం చేశాడో చూడు. 1989 ఎఫ్‌ఏ కప్ ఫైనల్, మళ్లీ ఎవర్టనే. సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు కొట్టాడు, 3-2.

బరంపురం బ్యాక్:

మాస్టారూ, ప్రెస్సింగ్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. మరి వరల్డ్ కప్?

పర్లాకిమిడి మాస్టారు:

పదకొండు మంది ఆటండీ ఇది. వేల్స్ 1958 తర్వాత మళ్లీ వరల్డ్ కప్‌కి వెళ్లింది 2022లోనే. మధ్యలో పుట్టినవాడు ఏం చేస్తాడు? వరల్డ్ కప్ ఆశ నిలవాలంటే 1985లో కార్డిఫ్‌లో స్కాట్లాండ్ మీద వేల్స్ గెలిచితీరాలి. ఆధిక్యంలో ఉండి కూడా చివర్లో పెనాల్టీ ఇచ్చి 1-1తో ఆగిపోయారు. 1993లో మళ్లీ అలాంటి మ్యాచే, రుమేనియాతో 1-1 ఉండగా వేల్స్‌కే పెనాల్టీ వచ్చింది. బోడిన్ కొట్టింది బార్‌కి తగిలింది. ఆ తర్వాత రుమేనియా ఇంకోటి వేసి వెళ్లిపోయింది. ఆ జట్టుకే ఆడుతూ 73 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు రష్. 2018లో గారెత్ బేల్ దాటేదాకా వేల్స్ రికార్డు అదే. 1991లో వరల్డ్ ఛాంపియన్ జర్మనీని కార్డిఫ్‌లో 1-0తో ఓడించిన గోల్ కూడా ఇతనిదే.

గుణుపూర్ కుర్రాడు:

చాలా థాంక్స్ మాస్టారూ. వాడికి పరిగెత్తమంటే ‘దమ్ము అయిపోతుంది, గోల్ ముందుకొచ్చేసరికి కాళ్లు రావు’ అంటాడు. దానికేం చెప్పమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:

దమ్మున్నా సరే, ప్రతి బాల్ వెంటా పడమనకు. నేను స్కూల్లో పిల్లలకి చెప్పేది ఒకటే. బ్యాక్‌కి బాల్ వచ్చినప్పుడు వాడి మొహం చూడాలి. ఎగుడుదిగుడు నేల మీద బాల్ గెంతుతుంది, దాన్ని ఆపడానికి వాడు తల దించక తప్పదు. దించాడా, అప్పుడు పరుగు. తలెత్తి ఉంటే అక్కడే నిలబడి, పక్కవాడికిచ్చే దారి మూసెయ్యి చాలు. మన గ్రౌండ్లలో ఇది ఇంగ్లాండ్‌లో కంటే బాగా పనిచేస్తుంది, నమ్ము. ఇంకోటి, 1986 ఫైనల్ మొత్తం మ్యాచ్ దొరికితే అదే చూపించు. బాల్ ఎటున్నా పట్టించుకోవద్దను, రష్ ఒక్కణ్ణే చూడమను.

గుణుపూర్ కుర్రాడు:

అలాగే మాస్టారూ. ఆదివారం మ్యాచ్‌లోపే కూర్చోబెడతాను. మా వాడు ఎర్రమట్టి మీద స్టడ్స్ వేసుకోవాలా, మామూలు కాన్వాస్ బూట్లు చాలా అని కూడా అడుగుతున్నాడు. అది వేరే ప్రశ్నగా పెడతాను.