స్టెప్ 1 ఒకసారి తప్పాను, ఈ సెప్టెంబరులోనే రెసిడెన్సీకి దరఖాస్తు చేయవచ్చా?

ప్రశ్న (న్యూజెర్సీ, కొత్తగా వచ్చిన వైద్యురాలు):
పెద్దలకు నమస్కారం. మాది తిరుపతి. ఎస్వీ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, రుయా ఆసుపత్రిలో హౌస్‌సర్జన్సీ పూర్తిచేసి రెండు నెలల క్రితం మా అక్క ఇంటికి వచ్చాను. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష (యూఎస్ఎంఎల్ఈ)లో మొదటి భాగమైన స్టెప్ 1 మొదటిసారి తప్పి, ఎనిమిది నెలల తర్వాత గట్టెక్కాను. రెండో భాగమైన స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) ఇంకా రాయలేదు. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే ఇక్కడి ఆసుపత్రుల్లో చేసే స్పెషలిస్టు శిక్షణకు, ఈ ఏడే దరఖాస్తు చేయాలా, ఆగాలా? తప్పిన సంగతి పర్సనల్ స్టేట్‌మెంట్‌లో (దరఖాస్తుతో పంపే స్వపరిచయ వ్యాసంలో) రాయాలా?

మిషిగన్ (చిత్తూరు వాసి):
చెల్లెమ్మా, వీటికంటే ముందు అడగవలసింది ఒకటుంది: మీ పట్టా ధ్రువీకరణ ఎంతవరకు వచ్చింది? విదేశాల్లో చదివిన వైద్యుల అర్హతలను ధ్రువీకరించే ఈసీఎఫ్ఎంజీ సంస్థ మనం పంపిన నకలుతో సరిపెట్టుకోదు, కళాశాలనే నేరుగా అడుగుతుంది. నా కాగితాలు మా కళాశాల కార్యాలయంలో నాలుగు నెలలు కదలలేదు. ఫోను చేస్తే ఒకసారి సంతకం చేసే అధికారి సెలవులో ఉన్నారన్నారు, మరోసారి అలాంటి అభ్యర్థనే రాలేదన్నారు. మా నాన్నగారు చిత్తూరులో తెల్లవారుజామున బస్సెక్కి మూడుసార్లు వెళ్లి వచ్చారు. నాలుగోసారి సాయంత్రం దాకా వరండాలో కూర్చుంటే అసలు విషయం బయటపడింది: పదవ తరగతి ధ్రువపత్రంలో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది, పట్టాలో పొడి అక్షరమే ఉంది, దాన్ని ఎవరు సరిచేయాలో తేలక పక్కన పెట్టేశారు. ఆ ఏడాది నాకు ఒక్క ఇంటర్వ్యూ రాలేదు, నేనేమో ఏ పరీక్షా తప్పినవాణ్ని కాదు. పాస్‌పోర్టులో, పట్టాలో మీ పేరు ఒకేలా ఉందేమో ఈరోజే చూసుకోండి.

టెక్సస్ (పాతికేళ్లుగా ఇక్కడే):
అమ్మా, ఒక్కో స్టెప్‌ను ఆరుసార్లు రాయనిస్తారు, ఒకసారి తప్పినందుకు కుంగిపోవద్దు. ఈ ఏడే దరఖాస్తు చేయండి. వీలైతే చివరి భాగమైన స్టెప్ 3 కూడా ముందే ముగిస్తే, తప్పిన మచ్చ దానికదే చెరిగిపోతుంది.

ఒహాయో (ఎంపిక సంఘంలో ఉన్న వైద్యురాలు):
అన్నగారూ, ఆ ఆరుసార్ల నిబంధన పాతది. 2021 జూలై నుంచి నాలుగుసార్లే. మచ్చ చెరిగిపోవడమూ జరగదు, తప్పిన ప్రయత్నం ట్రాన్స్‌క్రిప్టులో (పరీక్షల అధికారిక నమోదులో) ఉండిపోతుంది. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కు మార్కులివ్వడం మానేశారు కాబట్టి మేము ముందుగా చూసేది స్టెప్ 2 సీకే మార్కులనే. పాసైన పరీక్షను మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు, అందుకే సెప్టెంబరు కోసం సగం చదువుతో వెళ్లి రాయకు తల్లీ. రెసిడెన్సీ ప్రోగ్రాంలు సెప్టెంబరు చివర దరఖాస్తులు తెరిచేనాటికి మంచి మార్కులు చేతిలో ఉంటేనే వెయ్యి, లేకుంటే ఏడాది ఆగు. స్టేట్‌మెంట్‌లో రెండు మూడు వాక్యాలు చాలు: ఎందుకు తప్పావో, చదివే పద్ధతిలో ఏం మార్చావో రాయి. ఇంట్లో కష్టాలు నిజమైనా పేజీ అంతా వాటితో నింపితే, చదివేవారికి నీ వైద్యం కనబడదు.

టెక్సస్:
నాలుగుసార్ల మాట ఒప్పుకుంటున్నాను. కానీ హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద రెసిడెన్సీ చేయాలంటే స్టెప్ 3 తప్పదు కదా?

ఒహాయో:
తప్పదు. కానీ ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ చేతికొచ్చాకే దాన్ని రాయనిస్తారు. ఒకసారి తప్పిన అమ్మాయి హడావిడిగా రాసి రెండోసారీ తప్పితే, నేను సంఘంలో ఆమె తరఫున మాట్లాడలేను. జే-1కు (శిక్షణ కోసం ఇచ్చే వీసాకు) స్టెప్ 3 అక్కరలేదు.

మిషిగన్:
జే-1 అంటే శిక్షణ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు పొందాలి. నేను పొందింది ఆ మినహాయింపే. ఆ పల్లె ఆసుపత్రిలో గడిపిన మూడేళ్లు నాకు నష్టమనిపించలేదు.

న్యూజెర్సీ:
అందరికీ కృతజ్ఞతలు. పాస్‌పోర్టు తీసి చూశాను, అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పట్టాలో లేదు. సోమవారం మా నాన్నగారు కళాశాలకు వెళుతున్నారు. స్టెప్ 2 సీకే డిసెంబరులో రాసి, వచ్చే ఏడు దరఖాస్తు చేస్తాను.