నాన్న పెట్టెలో ఇరోదోవ్: ఈ మీర్ పబ్లిషర్స్ వాళ్లెవరు?

గుంటూరు_అమ్మాయి:
పోయిన నెల నాన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే ఇరోదోవ్ రాసిన ఫిజిక్స్ లెక్కల పుస్తకం 'ప్రాబ్లమ్స్ ఇన్ జనరల్ ఫిజిక్స్' బయటపడింది. మీర్, మాస్కో, 1981 అని ఉంది. గట్టి అట్ట, కుట్టు బైండింగ్, ఇన్నేళ్లయినా ఒక్క కాగితం ఊడలేదు. లెక్కల పక్కన నాన్న పెన్సిల్ టిక్కులు. తాతయ్య బడిపంతులు, జీతం ఇంటికే చాలేది కాదు. మాస్కోలో అచ్చయిన పుస్తకం నాన్న ఎలా కొనగలిగారు?

పాత_ఫిజిక్స్_మాస్టారు:
అమ్మా, అది చాలా చవగ్గా దొరికేది. దాన్ని వేసిన సంస్థ 1946లో మాస్కోలో విదేశీ సాహిత్య ప్రచురణాలయంగా మొదలైంది. బయటి దేశాల పుస్తకాలను రష్యన్‌లోకి తేవడం అప్పటి పని. 1964 నుంచి మీర్ అయింది. మీర్ అంటే లోకం, శాంతి అని కూడా. అక్కడి సైన్సు పాఠ్యపుస్తకాలను ఇంగ్లీషులోకి, ఇంకా ఎన్నో భాషల్లోకి తెచ్చి బయటికి పంపేవారు. సర్కారు సంస్థ కాబట్టి లాభం కోసం ధర పెట్టలేదు. మన వైపు విశాలాంధ్ర వాళ్లు అమ్మేవారు. ఇరోదోవ్‌ను నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాది విజయవాడలో కొన్నాను. సినిమాకని దాచుకున్న డబ్బులు సరిపోయాయి!

ఇరోదోవ్‌లో లెక్కలు సుమారు 1900. జవాబులు చివర ఉంటాయి, బాగా కష్టమైనవాటికి మాత్రం చిన్న దారి చూపి వదిలేస్తారు. ఒక్క లెక్కతో రెండు రోజులు కుస్తీ పట్టిన సందర్భాలున్నాయి. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదే తర్వాత పిల్లలకు చెప్పాను.

ఇంకో మాట. చాలా మీర్ పుస్తకాల చివర పాఠకులకు ఒక విన్నపం ఉండేది. విషయం, అనువాదం, అచ్చు ఎలా ఉన్నాయో రాయండి అంటూ మాస్కో చిరునామా ఇచ్చేవారు. చదివే కుర్రాడి అభిప్రాయం అడిగిన పాఠ్యపుస్తకం నేను అప్పటిదాకా చూడలేదు.

తెనాలి_చదువరి:
మాస్టారూ, పిల్లలకు సరదాగా సైన్సు చెప్పిన రచయిత పెరెల్మాన్‌ను మర్చిపోయారు! ఆయన్ని నేను ఏడో క్లాసులో తెలుగులోనే చదివాను. 1942లో లెనిన్‌గ్రాద్ ముట్టడిలో ఆకలితో పోయారని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు అన్నం సయించలేదు. సోవియట్ యూనియన్ 1991లో పోయాక ఆ పుస్తకాలు రావడమే ఆగిపోయింది. నావి మా బంధువొకరు తూకానికి అమ్మేశారు. అమ్మా, ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వకండి.

గుంటూరు_అమ్మాయి:
ఇవ్వనండీ. మాస్టారూ, మీరు చెప్పాక వెనక అట్ట లోపల చూశాను. ఓ లెక్క నంబరు వేసి, 'నాకు జవాబు వేరుగా వస్తోంది, మాస్కోకి రాయాలి' అని నాన్న రాసుకున్నారు. రాశారో లేదో అమ్మకూ తెలీదట. ఆ పేజీ ఫోటో పెడుతున్నాను. వీలైతే మీరు ఆ లెక్క చేసి చూస్తారా?