పికప్ తొట్టికి పైకప్పు: పట్టా, జాలీనా, మూసిన డబ్బానా?

చీనీతోట_నార్పల:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర నార్పల వైపు. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. దాంతోపాటు చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటార్లు ఎత్తడం, దించడం, డ్రిప్పు రిపేర్లు చేస్తుంటాను. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో బొలెరో పికప్ తీసుకున్నా. 1.7 టన్నులది, తొట్టి తొమ్మిదడుగులు. పైన ఏమీ లేదు.

దాని మీద ఏం కట్టించాలో తేలడం లేదు. కమ్మీలు వంచి టార్పాలిన్ పట్ట వేయడం ఒకటి, చుట్టూ జాలీ కొట్టి పైన రేకు వేయడం ఒకటి, నాలుగు పక్కలా షీటుతో మూసేసి తలుపుకు తాళం పెట్టుకోవడం ఇంకొకటి. లోపల రెండు పక్కలా పొడవునా పెట్టెలు చేయిద్దామనుకుంటున్నా. ఎత్తు 16 అంగుళాలు, వెడల్పు 14, మూత మీద రెక్సిన్. పానాలు, మోటార్లు ఎత్తే గొలుసు చైన్ బ్లాక్, కేబుల్ చుట్టలు, స్టార్టర్ సామాన్లు అందులో ఉంటాయి. కోత రోజుల్లో మధ్యలో చీనీ క్రేట్లు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వెల్డింగ్_గుత్తిరోడ్:
అన్నా, ముందు ఆర్సీ తీసి చూడండి. బండి సరుకుతో కలిపి ఎంత బరువు ఉండొచ్చో అందులో రాసి ఉంటుంది. పైన మీరెంత ఇనుము ఎక్కిస్తే సరుకులో అంత తగ్గుతుంది. తొమ్మిదడుగుల తొట్టికి షీటు డబ్బా కడితే మా షాపులో రెండున్నర, మూడు క్వింటాళ్ళు తూగుతుంది. అంటే పది పన్నెండు క్రేట్లు పోయినట్టే. కమ్మీలు, పట్ట అయితే అర క్వింటాలు కూడా రాదు.

రెండో సంగతి. ఆర్సీలో ఓపెన్ బాడీ అని ఉంటే, మూసిన డబ్బా కట్టించాక ఆర్టీఏ ఆఫీసులో మార్పించాలి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత ఒక్కోదానికి 5,000 జరిమానా ఉంది, ఆరు నెలల దాకా జైలు అని కూడా చట్టంలో ఉంది. పట్టకు ఆ బాధ లేదు, అది విప్పేసే వస్తువు.

కదిరి_బాబు:
మా బావకు ఇసుజు వీ-క్రాస్ ఉంది, మన శ్రీసిటీలో తయారైన బండి. దాని తొట్టి మీద ఫైబర్ హుడ్, అంటే అద్దాలున్న మూత లాంటిది వేయించాడు, చూడ్డానికి చాలా బాగుంది. అది చూడండి అన్నా.

వెల్డింగ్_గుత్తిరోడ్:
అది ఐదడుగుల తొట్టికి చేసే హుడ్ తమ్ముడూ. తొమ్మిదడుగుల సరుకు బండికి రెడీమేడ్‌గా దొరకదు. హుడ్ ఉన్నవాళ్ళకు ఒక మాట. వెనక అద్దం ఎత్తి పెట్టి బండి నడపకండి. బండి వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగ లోపలికి లాగుతుంది. మూసిన డబ్బాకైనా అంతే.

ఎర్రగడ్డ_కోడుమూరు:
పట్టే అన్నా. రెండో మాట లేదు. నేను పదకొండేళ్ళుగా కర్నూలు మార్కెట్‌కు ఎర్రగడ్డలు (ఉల్లి) తోలుతున్నా. మే నెలలో మా దగ్గర 42, 43 డిగ్రీలు. ఆ ఎండలో ఇనుప డబ్బాలో కాయ పెడితే ఉడికిపోతుంది. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీసుకుంటుంది, వేడి వదులుతుంది, తేమ వదులుతుంది. ఆ తేమ పోయే దారి లేకపోతే రేకు లోపలి పక్క చెమట పట్టి బొట్లు బొట్లుగా కాయల మీదే పడుతుంది. ఒకసారి స్నేహితుడి డబ్బా బండిలో 30 సంచులు వేసుకుని పోయినా. మార్కెట్‌లో వంతు రావడానికి రాత్రంతా పట్టింది. పొద్దున తలుపు తీస్తే వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. మూడో వంతు ధరకు అడిగినారు.

పట్టలో కూడా రకాలున్నాయి. పలచటి నీలం పట్ట ఒక ఎండాకాలానికి చీలికలవుతుంది. 250 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు తూగేది తీసుకోండి, అంచు లోపల తాడు పెట్టి కుట్టింది. ఇత్తడి రింగులు అడుగున్నరకు ఒకటి ఉండాలి. దూరంగా ఉంటే గాలికి రింగు దగ్గరే చిరుగుతుంది.

మైదుకూరు_పసుపు:
పట్ట ఉన్న బండికి బ్లేడు చాలు. మార్కెట్ యార్డులో రాత్రి బండి పెట్టి టీ తాగొచ్చేలోపల అడ్డంగా కోసి రెండు పసుపు బస్తాలు, జాకీ, లీవరు ఎత్తుకుపోయినారు. తాడు ముడి కట్టింది కట్టినట్టే ఉంది. స్టేషన్‌కు పోతే పసుపు మీదే అనడానికి రుజువేంది అని అడిగినారు. చీనీతోట అన్న దగ్గర రాగి కేబుల్ ఉంటుంది. మన జిల్లాల్లో పొలాల్లోని మోటారు కేబులే కోసుకుపోతున్నారు, బండిలో చుట్ట పెట్టింది ఊరుకుంటారా? మూసిన డబ్బా, లోపలి గొళ్ళెం, మంచి తాళం. ఇంకేం ఆలోచించొద్దు.

ఎర్రగడ్డ_కోడుమూరు:
పసుపు ఎండిన సరుకప్పా. ఎండిన సరుకు తోలే మనిషి పచ్చి కాయకు సలహా చెప్తే ఎట్లా? వేడి సంగతికి జవాబు చెప్పు.

మైదుకూరు_పసుపు:
చెప్తా. ముందు పక్క కింద రెండు కిటికీలు, వెనక పైన రెండు, ఏటవాలు రేకులతో. బండి పోతుంటే గాలి ముందు నుంచి దూరి వెనక నుంచి పోతుంది. పైకప్పుకు తెల్ల రంగు.

ఎర్రగడ్డ_కోడుమూరు:
బండి పోతుంటే సరే. యార్డులో నిలబడితే? గాలి ఎవరు ఊదుతారు? కిటికీలు ఎన్ని పెడితే చాలో చెప్పు, నాలుగా, ఆరా, పదా? పది పెడితే అది జాలీనే కదా, డబ్బా ఎందుకు?

తాడిపత్రి_బండలు:
మాకు ఓపెన్ బాడీ తప్ప దారి లేదు, బండలు పక్క నుంచి, పై నుంచి ఎక్కించాలి. చీనీ క్రేట్లు కూడా పక్క డోర్లు దించి ఎక్కిస్తే పని సగమవుతుంది. డబ్బా కడితే వెనక నుంచి ఒక్కొక్కటీ మోసుకుపోవాలి. అది కూడా లెక్కేసుకోండి.

మైదుకూరు_పసుపు:
నిలబడినప్పుడు వెనక తలుపు తీసి పెట్టి పక్కన మనిషి పడుకుంటాడు. పట్ట బండికైనా మనిషి పడుకోవాల్సిందే కదా?

ఎర్రగడ్డ_కోడుమూరు:
మనిషి పడుకునేటట్టయితే ఇంక తాళం ఎందుకు?

చీనీతోట_నార్పల:
ఇద్దరికీ దండాలు. వేడి సంగతి అర్థమైంది, దొంగల సంగతీ అర్థమైంది. ఆ పెట్టెల గురించి కూడా ఎవరైనా చెప్పండి. లాగే సొరుగులు మంచివా, పైకి తీసే మూతలు మంచివా?

వెల్డింగ్_గుత్తిరోడ్:
సొరుగులు వద్దు. మన మట్టిరోడ్ల మీద వారంలో ఇరుక్కుంటాయి. మొన్న ఒక బండి వచ్చింది, సొరుగు రావడం లేదని. విప్పి చూస్తే బేరింగుల పట్టాలో ఎర్రదుమ్ము, గ్రీజు కలిసి ఇటుకలాగా గట్టిపడింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. పైకి తీసే మూతే పెట్టండి. మూత అంచు అంగుళం కిందికి మడిచి, లోపల రబ్బరు బీడింగ్ వేస్తే దుమ్ము రాదు. అడుగున రెండు చిన్న బెజ్జాలు, నీళ్ళు పోవడానికి. బరువైన సామాను వెనక చక్రాల ఇరుసుకు ముందే ఉండాలి. ఇరుసు వెనక బరువు పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

మైదుకూరు_పసుపు:
ఇది మొదటి నుంచీ నన్ను తొలుస్తోంది, అడిగేస్తా. చీనీతోట అన్నా, పానాల పెట్టె మూతకు రెక్సిన్ ఎందుకు? 16 అంగుళాలంటే కుర్చీ ఎత్తు. పొడవునా రెండు పక్కలా.

ఎర్రగడ్డ_కోడుమూరు:
కూర్చోవడానికే అయ్యుంటుంది, దాంట్లో దాపరికం ఏముంది? కోతకు కూలోళ్ళు ఎట్లా వస్తారు మరి? నా బండిలో పొద్దున పద్నాలుగు మందిని తెచ్చుకుంటా, సాయంత్రం దింపుతా. నేను పట్ట పట్ట అంటున్నది దానికి కూడా. పట్ట పైకి చుట్టేస్తే గాలి ఆడుతుంది, మనుషులు కూర్చుంటారు. నీ డబ్బాలో మనుషులు ఊపిరాడక చస్తారు.

మైదుకూరు_పసుపు:
అదీ సంగతి. ఇంతసేపూ కాయల ఊపిరి గురించి మాట్లాడినావు.

నేను డబ్బా కట్టించింది దొంగల కోసం కాదు. దొంగతనం జరిగింది నిజమే, కానీ నేను ఏడ్చేది వేరే దాని గురించి. మా చిన్నమ్మ పసుపు తవ్వకానికి పోయి వస్తూ పికప్ తొట్టిలోంచి పడి చనిపోయింది. బండి వేగంగా కూడా లేదు. కాలువ గట్టు మలుపు. అందరూ ఒక పక్కకు ఒరిగినారు, బండి కూడా ఒరిగింది. ఆమె సద్ది క్యారియర్ నేనే తెచ్చినా. మూత ఊడలేదు. మధ్యాహ్నం తినకుండా మిగిల్చిన అన్నం, చింతకాయ తొక్కు అట్లే ఉన్నాయి, మనుమరాలికని దాచినట్టుంది.

ఇన్సూరెన్స్ రాలేదు. సరుకు బండి పాలసీలో మోటారు వాహనాల చట్టం 1994 సవరణ ప్రకారం సరుకు యజమానికి, ఆయన తరఫు మనిషికి మాత్రమే చోటుంది. మిగతావాళ్ళకు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. బండాయన ఎకరా అమ్మి తలా కొంత ఇచ్చినాడు. చెడ్డవాడు కాదు. నీ మాదిరే, కూలోళ్ళు నడవకూడదని ఎక్కించుకున్నవాడే. అందుకే నా బండికి మనిషి ఎక్కలేని డబ్బా కట్టించినా. ఖాళీ తొట్టి ఉంటే ఎవరో ఒకరు అన్నా ఆపు అంటారు, నేను కాదనలేను. నన్ను నేను నమ్మను.

కదిరి_బాబు:
అన్నా, చదివి ఏం రాయాలో తెలియలేదు.

ఎర్రగడ్డ_కోడుమూరు:
మీ చిన్నమ్మ సంగతికి నాకూ బాధగానే ఉంది. కానీ నన్ను హంతకుడి మాదిరి చూడొద్దు. మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, అది కూడా తొమ్మిదికి. కూలోళ్ళు ఆరుకల్లా చేలో ఉండాలి, పది దాటితే ఎండకు వంగలేరు. ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చి, పని చేసి, మళ్ళీ నడవమంటావా? వాళ్ళే అడుగుతారు బండి పంపమని. బండి పంపని రైతు దగ్గరికి రారు. ఆ తొట్టిలో నా భార్య కూడా వాళ్ళతోపాటే కూర్చుంటుంది. నా ఇంటి మనిషిని చంపుకోవడానికి కూర్చోబెడతానా?

మైదుకూరు_పసుపు:
మీ ఇంటామె కూర్చుంటుందంటే నాకు ఇంకా భయమేస్తోంది అన్నా.

వెల్డింగ్_గుత్తిరోడ్:
నేనొకటి ఒప్పుకోవాలి. రెక్సిన్ మూత పెట్టెలు నేను చాలా బండ్లకు చేసిచ్చినా. ఎందుకని ఏ రోజూ అడగలేదు. అడిగితే పని పక్క షాపుకు పోతుంది.

పనివాడిగా చెప్తా. అట్లాంటి పెట్టె తొట్టి షీటుకు నాలుగు బోల్టులతో ఉంటుంది. ఆ షీటు సామాను బరువుకు చేసింది, సీటు పట్టుకోవడానికి కాదు. బెల్టు లేదు, వీపు ఆనడానికి ఏమీ లేదు. క్రేట్లు కడితే కదలవు, మనుషులు మలుపులో ఒకేసారి ఒరుగుతారు. కూర్చున్న మనిషి బరువు తొట్టి అంచుకు పైనే ఉంటుంది. ఇంక మూసిన డబ్బాలో కూర్చోబెడితే ఆ పొగ సంగతి ముందే చెప్పినా. పట్టకూ డబ్బాకూ ఈ విషయంలో తేడా లేదు అన్నా, రెండూ మనుషులకు కాదు.

చీనీతోట_నార్పల:
రెండు రోజులు ఇటు రాలేదు, ఏం రాయాలో తెలియక. అవును, రెక్సిన్ కూర్చోవడానికే. మొదటి పోస్టులో రాయడానికి మనసొప్పలేదు, అంటే లోపల నాకు తెలిసే ఉంది. కోతకు పది మంది వస్తారు, సగం మంది మా అమ్మ వయసువాళ్ళు. మెత్తగా ఉంటే బాగుంటుందని మంచికే అనుకున్నా.

పక్క పెట్టెలు మానేశాను. క్యాబిన్ వెనకాల అడ్డంగా ఒకటే పెట్టె, తాళంతో. దాని వెనక జాలీ, పైన కమ్మీల మీద పట్ట. కూలోళ్ళకు ఊళ్ళో ఆటో మాట్లాడినా, ఎంతమందికి పర్మిట్ ఉంటే అంతమందే ఎక్కాలని చెప్పి, ట్రిప్పుల మీద. రోజుకు ఆరు వందలు. పోయినసారి చీనీ ధర వచ్చినట్టు వస్తే ఆ ఆరు వందలు కూడా బరువే, అబద్ధం చెప్పను.

ఎర్రగడ్డ_కోడుమూరు:
మీది పది మంది, పదిహేను రోజుల కోత. మాది పద్నాలుగు మంది, నాట్ల నుంచి కోత దాకా. ఆరు వందలు నాకు కుదరదన్నా. ఈ పూట నా భార్యను ముందు సీట్లోకి రమ్మన్నా. వాళ్ళందరూ వెనక కూర్చుంటే నేనొక్కదాన్నే ముందు కూర్చోనా అని రాలేదు.

మైదుకూరు_పసుపు:
ఆమె మాట సరైంది.

వెల్డింగ్_గుత్తిరోడ్:
చీనీతోట అన్నా, బుధవారం పొద్దున బండి తీసుకురండి. తొట్టి వెడల్పు లోపలి పక్క టేపుతో కొలిచి ఈ రాత్రికి పంపండి, షీటు కోయించి పెడతా. చైన్ బ్లాక్ కూడా తెండి, పెట్టె లోతు దాన్ని బట్టి ఉంటుంది. మూత పైన ఏమీ వేయను, గరుకు గీతలున్న ఇనుప చెక్కర్ ప్లేటే.