ఆరోగ్య శాఖ పంపే సందేశానికి ప్రజలు జవాబు పంపే వీలు తప్పనిసరిగా ఉండాలా?

తుంగభద్ర (చర్చ ప్రారంభం):

గర్భిణులకు పరీక్షల తేదీలు, పసిపిల్లలకు టీకాల తేదీలు, వానాకాలంలో డెంగీ జాగ్రత్తలు ఇప్పుడు ఫోన్‌కే సందేశాలుగా వస్తున్నాయి. అవి అక్కర్లేదని నేను అనను. అయితే మన దేశంలో సంస్థలు పంపే సందేశాలు చాలావరకు ఫోన్ నంబరుకు బదులు నమోదు చేయించుకున్న అక్షరాల పేరుతో (హెడర్‌తో) వస్తాయి కాబట్టి, వాటికి తిరిగి జవాబు పంపడం సాధ్యం కాదు. చెప్పిన తేదీకి బిడ్డను ఎత్తుకుని వెళ్లిన తల్లికి ఆ రోజు టీకా లేదని చెబితే, ఆ సంగతిని పిలిచినవారికే తెలియజేయడానికి ఆమెకు దారి లేదు. జవాబు తీసుకునే ఏర్పాటు లేకుండా ఇలాంటి పథకం ఏదీ మొదలుపెట్టకూడదని నా వాదన.

దీనికి నేను చూపే ఆధారం కెన్యాలో జరిగిన పరీక్ష. హెచ్‌ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టిన 538 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి వారానికోసారి క్లినిక్ నుంచి 'మాంబో?' అని, అంటే 'ఎలా ఉన్నారు?' అని సందేశం పంపారు. 48 గంటల్లోగా జవాబు పంపాలి: 'సావా' అంటే బాగున్నట్టు, 'షిదా' అంటే ఇబ్బంది ఉన్నట్టు. ఇబ్బంది ఉందన్నవారికీ, అసలు జవాబే ఇవ్వనివారికీ క్లినిక్ సిబ్బంది ఫోన్ చేసి మాట్లాడేవారు. మందులు సక్రమంగా వేసుకున్నామని చెప్పినవారు ఈ వర్గంలో 62 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 50 శాతం అని 2010లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ సందేశంలో జబ్బు పేరు లేదు, మందు వేసుకోమన్న హెచ్చరిక కూడా లేదు. ఇంట్లో ఎవరి కంట పడినా రోగి గుట్టు రట్టు కాదు. అక్కడ పనిచేసింది హెచ్చరిక కాదని, ఇబ్బంది చెబితే వినే మనిషి ఉన్నారన్న నమ్మకమేనని నేను భావిస్తున్నాను.

కొల్లేరు:

తుంగభద్ర గారూ, కెన్యా ఉదాహరణ బలమైనదే, కానీ ఆ పరీక్ష జరిగింది మూడు క్లినిక్‌లలో. దానిని రాష్ట్రమంతటికీ నియమంగా పెట్టాలంటే ముందు ఇక్కడి పరిస్థితి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్నవారు దేశం మొత్తం మీద దాదాపు 54 శాతమే. మిగిలినవారికి వెళ్లవలసిన సందేశం భర్త ఫోన్‌కో మామగారి ఫోన్‌కో వెళ్తుంది. జవాబు రాసేదీ వారే అవుతారు. పైగా తెలుగు లిపిలో ఒక సందేశానికి 70 సంకేతాలే పడతాయి, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వచ్చి 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే ఆరు ఖర్చవుతాయి. చదవలేనివారి సంగతి సరేసరి. కేంద్ర ప్రభుత్వపు కిల్కారి పథకం రాతను వదిలి గొంతును ఎంచుకుని, నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొక రికార్డు చేసిన కాల్ పంపడంలో ఈ వివేకమే ఉంది.

నా అసలు అభ్యంతరం వేరు. జవాబులు చదివేది ఎవరు? ఆ భారం ఏఎన్ఎం మీదో ఆశా కార్యకర్త మీదో పడుతుంది. వారికి ఇప్పటికే రిజిస్టర్లూ యాప్‌లూ తలకు మించి ఉన్నాయి. అడిగి, వచ్చిన జవాబును పక్కన పడేయడం అసలు అడగకపోవడం కంటే పెద్ద అన్యాయం. జవాబు ఏర్పాటును తప్పనిసరి చేస్తే కాగితం మీద ఒక నంబరు మాత్రం పుడుతుంది.

శేషాచలం:

జవాబు ఎవరి నుంచి కోరాలన్నది కూడా ఆలోచించండి. టాంజానియాలో 2009-10లో మూడు జిల్లాల్లోని 129 ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి వారంవారం సందేశం పంపి, మలేరియా మందుల నిల్వ ఎంత ఉందో అడిగారు. జవాబు పంపడం ఉచితం, పంపినవారికి ఫోన్ బ్యాలెన్స్ కూడా ఇచ్చారు. మొదటి వారంలో ఏదో ఒక మలేరియా మందు నిండుకున్న కేంద్రాలు 78 శాతం ఉండగా, 21వ వారానికి 26 శాతానికి తగ్గాయి. టీకా లేదని తల్లి ఫిర్యాదు చేయవలసిన అవసరం రాకముందే ఆ మాట ఆరోగ్య కేంద్రం నుంచే జిల్లా అధికారులకు చేరాలి.

తుంగభద్ర:

శేషాచలం గారి మాటను సంతోషంగా అంగీకరిస్తాను, కానీ అది సగమే. కేంద్రంలో మందు ఉన్నా డబ్బు అడిగారనో, విసుక్కుని పంపేశారనో సిబ్బంది తమ గురించి తాము రాయరు కదా. ఉగాండాలో యునిసెఫ్ 2011లో మొదలుపెట్టిన యూ-రిపోర్ట్‌లో పౌరులు ఉచిత సందేశాలతో చేరారు. ఆరోగ్యం, చదువు వంటి విషయాల మీద వారిని ప్రశ్నలు అడిగి, ఫలితాలను పార్లమెంటు సభ్యులకు అందించారు. అరటికి సోకే బాక్టీరియా తెగులు గురించి అడిగి, ఏ ప్రాంతాలకు పాకిందో తెలుసుకుని, దానిని ఆపే పద్ధతులను మళ్లీ అదే దారిలో రైతులకు పంపారు.

కొల్లేరు గారు చెప్పిన చదువు సమస్యకు మన దగ్గరే ఒక మార్గం ఉంది. 2020 మేలో, కోవిడ్ సమయంలో, మామూలు ఫోన్లవారి కోసం 1921 నంబరు పెట్టారు. దానికి మిస్డ్ కాల్ ఇస్తే, తిరిగి కాల్ వచ్చి లక్షణాలు అడిగేది. రాయనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. టీకా సందేశం చివర ఇలాంటి నంబరు ఒకటి చేర్చి, ఆ కాల్‌ను 104 వంటి సేవకు కలపడం అసాధ్యమేమీ కాదు.

కొల్లేరు:

మిస్డ్ కాల్ సూచన నాకు నచ్చింది. అయినా రెండు షరతులు పెడతాను. మొదటిది, ఉగాండాలో చేరినవారిలో చదువుకున్న యువకుల వాటా ఎక్కువన్న విమర్శ ఉంది కాబట్టి, వచ్చిన జవాబుల లెక్కను ప్రజాభిప్రాయంగా చూపించి నిధులు పంచకూడదు. ఫోన్ లేని ఇంటికి ఏఎన్ఎం నడిచి వెళ్లే పద్ధతి తగ్గకూడదు. రెండోది, లింకు నొక్కమనే మోసపు సందేశాలు ఇన్ని వస్తున్న రోజుల్లో ఆరోగ్య సందేశంలో లింకు ఉండకూడదు, ఓటీపీ అడగకూడదు, తిరిగి చేసే కాల్ ప్రతిసారీ ఒకే నంబరు నుంచి రావాలి, ఆ నంబరును ఊరి ఉపకేంద్రం గోడ మీద రాసి ఉంచాలి. ఈ రెండూ నియమంలో ఉంటే 'తప్పనిసరి' అన్న మాటకు నా అభ్యంతరం ఉండదు.