రైల్స్ 8కి మారుతున్నాం. రెడిస్ తీసేయొచ్చా? చెన్నైలో ఎవరైనా చేశారా? (2024 డిసెంబర్ నాటి చర్చ)

ఓఎంఆర్_బాటసారి
అందరికీ నమస్కారం. పెరుంగుడిలో చిన్న కంపెనీ మాది. క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు బుక్ చేసే అప్లికేషన్, రైల్స్ 7.0 (రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మీద నడుస్తోంది. 7.0కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2025 ఏప్రిల్ 1తో ఆగిపోతాయి, నవంబర్ 7న రైల్స్ 8 వచ్చేసింది కూడా, కాబట్టి మారడం ఎలాగూ తప్పదు. కొత్త దాంట్లో సాలిడ్ క్యూ, సాలిడ్ క్యాష్, సాలిడ్ కేబుల్ డిఫాల్ట్‌గా వస్తున్నాయి. అంటే బ్యాక్‌గ్రౌండ్ జాబులు (వెనక విడిగా నడిచే పనులు), క్యాష్ (తరచూ వాడే డేటా దాచుకునే చోటు), వెబ్‌సాకెట్ మెసేజ్‌లు మూడూ డేటాబేస్ మీదే నడుస్తాయి. అప్‌గ్రేడ్‌తో పాటే ఇప్పుడు జాబులు నడిపే సైడ్‌కిక్, అది జాబుల్ని దాచుకునే మెమరీ డేటాబేస్ రెడిస్ రెండూ ఎత్తేద్దామని మా మేనేజర్ పట్టుబడుతున్నారు. మాకు రోజుకి నలభై వేల జాబులు, ఎక్కువ భాగం ఎస్సెమ్మెస్‌లే. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. ఏం చేయమంటారు?

పట్టాలమీద
కళ్లు మూసుకుని తీసేయండి. రైల్స్ పుట్టిన 37సిగ్నల్స్ కంపెనీ ఈమెయిల్ సర్వీస్ హేలో రోజుకి 2 కోట్ల జాబులు సాలిడ్ క్యూ మీద నడుస్తున్నాయని రిలీజ్ ప్రకటనలోనే రాశారు. అదే కంపెనీ బేస్‌క్యాంప్ క్యాష్ 10 టెరాబైట్లు, అదీ డేటాబేస్‌లోనే. మీ నలభై వేలు ఒక లెక్కా?

రెడిస్‌తో నేను పడ్డ బాధ చెప్తాను. పాత కంపెనీలో క్యాష్‌కీ సైడ్‌కిక్‌కీ ఒకటే రెడిస్ పెట్టారు. మెమరీ నిండితే చాలాసేపు వాడని డేటాని తీసేసే ఆల్‌కీస్-ఎల్ఆర్‌యూ పాలసీ దాని మీద ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం మెమరీ నిండింది. రెడిస్ తన పని తాను చేసుకుపోయింది, క్యూతో సహా తుడిచేసింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు. కస్టమర్లకి ఇన్‌వాయిస్‌లు వెళ్లలేదని మంగళవారం దాకా మాకెవరికీ తెలీదు. ఆ నాలుగు రోజుల పని చేత్తో మళ్లీ చేసింది నేనే. అదే జాబులు టేబుల్‌లో వరుసలుగా ఉండుంటే ఒక్క సెలెక్ట్ కొట్టి చూసుకునేవాణ్ణి.

నెల్లూరు_పులుసు
7.0 నుంచి 8కి ఒక్కసారే దూకొద్దు. 7.1, 7.2 మీదుగా రండి. రూబీ 3.2 ఉందా మరి? అది లేకపోతే 8 లేవదు.

సిస్టమ్_అన్న
పైన చెప్పిన కథలో తప్పు రెడిస్‌ది కాదు. సైడ్‌కిక్ వాడే రెడిస్‌కి నోఎవిక్షన్ (ఏదీ తీసేయొద్దనే సెట్టింగ్) పెట్టాలని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది. పెట్టని మనిషి తప్పు అది.

ఇక అసలు మాట. సాలిడ్ క్యూ డిఫాల్ట్ కాన్ఫిగ్ తెరిచి చూడండి. వర్కర్ పోలింగ్ ఇంటర్వెల్ 0.1 సెకను. అంటే పని ఉన్నా లేకపోయినా ప్రతి వర్కర్ సెకనుకి పదిసార్లు డేటాబేస్ తలుపు తడుతుంది. సైడ్‌కిక్ బీఆర్‌పాప్‌తో రెడిస్ దగ్గర కూర్చుని, పని వచ్చినప్పుడే లేస్తుంది. రాత్రి రెండింటికి ఒక్క అపాయింట్‌మెంట్ కూడా లేనప్పుడు మీ పోస్ట్‌గ్రెస్ ఎందుకు మేలుకుని ఉండాలి?

పట్టాలమీద
అన్నా, ఖాళీ టేబుల్ మీద ఇండెక్స్ చదవడానికి పట్టే టైమెంత? ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచీ ఉంది. ఒక వర్కర్ పట్టుకున్న వరుసని ఇంకో వర్కర్ దాటేసి వెళ్తుంది, ఎవరూ ఎవరి కోసం ఆగరు. పోలింగ్ అనగానే భయపడే రోజులు పోయాయి.

సిస్టమ్_అన్న
లాక్‌ల గురించి నేను అడగలేదు. సెకనుకి పదిసార్లు ఎందుకు అని అడిగాను. ఇంకోటి. ప్రతి జాబుకీ కనీసం ఒక ఇన్సర్ట్, ఆ తర్వాత ఒక డిలీట్. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ చేసిన వరుస అక్కడే చచ్చి పడి ఉంటుంది, ఆటోవాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా. ఆ ఊడ్పు సరిగ్గా జరుగుతోందో లేదో మీ టీంలో చూసేదెవరు?

కొత్తగా_చేరా
ఈ ఏడాది రెడిస్ లైసెన్స్ మార్చారుగా, వాల్కీ అని వేరే కొమ్మ కూడా వచ్చింది. దాని వల్ల కూడా తీసేస్తున్నారా?

పట్టాలమీద
అది వేరే తగువు తమ్ముడూ, ఇక్కడ వద్దు.

అన్నా, డేటాబేస్‌లో క్యూ ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఆర్డర్ సేవ్ కాకముందే జాబ్ పరిగెత్తి రికార్డ్ దొరకలేదని ఏడ్చే గోల ఉండదు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి.

సిస్టమ్_అన్న
పడవు. రైల్స్ 8లో కొత్త అప్లికేషన్ తీస్తే ప్రొడక్షన్‌కి క్యూ డేటాబేస్ విడిగా వస్తుంది. విడి డేటాబేస్ అయితే ఒకే ట్రాన్సాక్షన్ కుదరదు. ఒకే డేటాబేస్‌లో పెడితే ఆ లోడంతా మెయిన్ డేటాబేస్ మీదే. రెండింట్లో ఏదో ఒకటే దక్కుతుంది. రెండూ దక్కుతాయని ఆ అబ్బాయికి చెప్పడం మోసం.

పట్టాలమీద
మోసం అనే మాట దేనికి? నలభై వేల జాబులకి ఒకే డేటాబేస్ చాలు అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. మీరు మొదటి పోస్ట్ నుంచీ ఏదో ఒక వంక వెతుకుతున్నారు. సర్వర్లు చూసేవాళ్లకి ప్రతిదీ కష్టంగానే ఉండాలి, అప్పుడే కదా వాళ్ల అవసరం ఉండేది.

వేళచ్చేరి_వాన
మీ ఇద్దరి మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నవంబర్ 30 రాత్రి, ఫెంజల్ తుఫాను రోజు సంగతి చెప్తాను.

మా కంపెనీ ఈ ఏడాది మొదట్లోనే కమాల్ అనే డిప్లాయ్ టూల్‌తో సొంత సర్వర్ మీదకి వచ్చేసింది. ఏ లినక్స్ మెషీన్ మీదైనా ఒక్క కమాండ్‌తో డిప్లాయ్ అవుతుంది. అది నిజంగా బాగుంది, నేనే మెచ్చుకున్నా. అది చూసి సర్వర్లు చూసే కాంట్రాక్ట్ అబ్బాయిని పంపించేశారు. పాత బ్యాకప్ ఫైళ్లు తుడిచే పని అతను చేత్తో చేసేవాడట, అది మాలో ఎవరికీ తెలీదు. ఆ రాత్రి మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు. పదకొండుంబావుకి డిస్క్ నిండి పోస్ట్‌గ్రెస్ రాయడం మానేసింది. క్యూ కూడా అందులోనే కదా, అన్నీ కలిసి ఆగాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో పద్దెనిమిది శాతం ఛార్జింగ్‌తో లోపలికి వెళ్లి, ఏ ఫైలు తుడిస్తే ఏమవుతుందో తెలీక ఒక్కొక్క పేరూ చదువుతూ కూర్చున్నా. పక్కన మా పాప జ్వరంతో పడుకుని ఉంది. ఇంకెవరికైనా ఫోన్ చేద్దామంటే, అత్యవసరానికి పిలిచే ఆన్‌కాల్ లిస్టులో నా పేరు ఒక్కటే ఉంది.

వన్ పర్సన్ ఫ్రేమ్‌వర్క్ (ఒక్కరే మొత్తం నడిపించగలిగేది) అని రైల్స్ సృష్టికర్త డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ 2021లోనే రాశారు. ఆ ఒక్కరూ ఎవరో ఇక్కడ ఎవరూ అడగడం లేదు.

నెల్లూరు_పులుసు
పాపకి ఇప్పుడెలా ఉందమ్మా?

వేళచ్చేరి_వాన
తగ్గిందండీ.

సిస్టమ్_అన్న
పట్టాలమీద గారూ, వంక వెతుకుతున్నానన్నారు. అవును, వెతుకుతున్నాను. పదకొండేళ్లు సర్వర్లు చూశాను. మార్చిలో మా మేనేజర్ స్లైడ్ మీద కమాల్ అని రాసి, దాని కింద నా జీతం అంకె వేసి చూపించాడు. మిగిలేది ఇంత, అని. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. ఆ మేడం కంపెనీలో పంపించేసింది నన్ను కాకపోవచ్చు, కానీ అలాంటివాణ్ణే. 0.1 సెకను గురించి నేను చెప్పింది తప్పు కాదు. అయితే అంత గట్టిగా పట్టుకున్నది దాని కోసం మాత్రం కాదు.

పట్టాలమీద
అన్నా, అవసరం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పుగా అన్నాను.

కానీ నా వైపూ వినండి. ఉద్యోగం మానేసి తాంబరంలో ఒక గది తీసుకుని ట్యూషన్ సెంటర్లకి ఫీజుల సాఫ్ట్‌వేర్ ఒక్కణ్ణే రాస్తున్నాను. పద్నాలుగు సెంటర్లు వాడుతున్నాయి. రెడిస్‌కి నెలనెలా విడిగా బిల్లు కట్టే స్థితి కాదు నాది, మీలాంటి మనిషిని పెట్టుకునే స్థితి అసలే కాదు. సాలిడ్ క్యూ, కమాల్ లేకపోతే నేను మళ్లీ నైట్ షిఫ్టులోకి పోవాల్సిందే. ఆ ఒక్కరూ ఎవరంటే, మేడం, నేను. నాకు నేనుగా ఎంచుకున్నాను. ఎవరో నా పేరు లిస్టులో రాయలేదు.

వేళచ్చేరి_వాన
తేడా అక్కడే ఉందండీ. మీరు ఎంచుకున్నారు.

సిస్టమ్_అన్న
మీ పద్నాలుగు సెంటర్లకి సాలిడ్ క్యూ సరిపోతుంది. కాదనను. ఇంటర్వెల్ మాత్రం 1 సెకనుకి పెంచుకోండి, ఫీజు రసీదు ఒక సెకను ఆలస్యమైతే ఎవరూ అడగరు. డిస్క్ 80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా క్రాన్ (టైముకి తనంతట తానే నడిచే పని) ఒకటి పెట్టుకోండి. స్క్రిప్ట్ నా దగ్గరుంది, పంపిస్తాను.

పట్టాలమీద
పంపించండన్నా.

కొత్తగా_చేరా
నాక్కూడా.

ఓఎంఆర్_బాటసారి
అందరికీ థ్యాంక్స్. పొద్దున మేనేజర్‌తో మాట్లాడాను. ఏప్రిల్‌లోపు 7.1, 7.2 మీదుగా 8కి వస్తాం, సైడ్‌కిక్ అలాగే ఉంటుంది. రెడిస్ తీసేస్తే మిగిలే డబ్బు నెలకి ఎంతని అడిగితే ఆయన చెప్పిన అంకె మా టీం టీ ఖర్చు కంటే తక్కువ. మరి ఎందుకంత పట్టుదల అంటే, వచ్చే క్వార్టర్‌లో మా సర్వర్లు చూసే సెంథిల్ గారిని వేరే ప్రాజెక్టుకి పంపాలనుకుంటున్నారట.

ఆన్‌కాల్ లిస్టు తెరిచి చూశాను. సెంథిల్ పేరు తీసేస్తే నా పేరే మిగులుతుంది. రెండో పేరు ఎవరిదో రాసి ఇచ్చేదాకా అప్‌గ్రేడ్ టికెట్ మొదలుపెట్టనని ఇప్పుడే మెయిల్ పెట్టాను. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.

నెల్లూరు_పులుసు
రూబీ వెర్షన్ చెప్పనే లేదు.

ఓఎంఆర్_బాటసారి
3.0 అండీ.

నెల్లూరు_పులుసు
అయితే ముందు అది ఎక్కించండి. 8 సంగతి తర్వాత.