బంతి పోయిన దూరాన్ని బట్టి స్వింగ్ స్పీడ్ (క్లబ్ తల వేగం) చెప్పొచ్చా?

కొత్త_గోల్ఫర్: ఆడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మొన్న గోల్కొండ కోర్సులో డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) కొడితే, టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి బంతి ఆగిన చోటికి ఫోన్‌లో 240 గజాలు చూపించింది. మాతో ఆడిన ఒకాయన "అంటే నీ స్వింగ్ గంటకు 105 మైళ్లు, స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే గట్టి కర్ర) కొనేయ్" అని తేల్చేశాడు. లాంచ్ మానిటర్ (వేగం కొలిచే యంత్రం) లేకుండా ఇలా లెక్క కట్టడం కరెక్టేనా?

ఎర్లీ_టీ_టైమ్: మీతో ఆడినాయన 240ని 2.3తో భాగించి ఉంటాడు, గంటకు ఒక్కో మైలు వేగానికి 2.3 గజాలన్న లెక్కన. ఆ లెక్క తప్పు కాదు భయ్యా, కానీ భాగించాల్సింది క్యారీని, అంటే బంతి గాల్లో పోయిన దూరాన్ని. ఎండాకాలం ఇక్కడ నేల సిమెంటు రోడ్డులా ఉంటుంది, 30 గజాలు దొర్లినా ఆశ్చర్యం లేదు. అది తీసేస్తే 210, అంటే 91 మైళ్లు. పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్) వాళ్లు దాదాపు 115 మైళ్లతో కొట్టి 280 గజాల క్యారీ తెస్తారు, అంటే 2.4 పైన. వాళ్లు బంతిని ఫేస్ (క్లబ్ తలలో బంతికి తగిలే ముఖం) మధ్యలో కొడతారు కాబట్టి వస్తుంది, మనకెక్కడ వస్తుంది!

బోగీ_బాబాయ్: మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పలచన, నాలుగైదు గజాలు దాని పుణ్యమే. అంతకంటే వెనక గాలి పెద్ద మోసం. ఒక్క బంతితో ఏం తేలదు తమ్ముడూ, పది కొట్టి సగటు తీయి. ప్రాక్టీస్ రేంజ్‌లో ఇచ్చే బంతులతో మాత్రం వద్దు, అవి తక్కువ దూరం పోతాయి.

హీల్_షాట్: సగటు కూడా ముంచుతుంది అన్నా. నాకు క్యారీ 190 దాటేది కాదు, స్వింగ్ 83 అనుకుని మెత్తటి షాఫ్ట్ కొన్నాను. తర్వాత వేగం కొలిచే ఇండోర్ సిమ్యులేటర్‌లో చూస్తే స్వింగ్ 96! బంతి ఎప్పుడూ హీల్‌కి (ఫేస్‌లో కర్ర వైపు అంచుకి) తగులుతోంది. బాగా తగిలితే బంతి వేగం స్వింగ్ వేగానికి 1.5 రెట్ల దాకా వస్తుంది, నాకు 1.36 దగ్గరే ఆగిపోయింది. సగటు దూరం ఏ క్లబ్ తీయాలో చెప్పడానికి పనికొస్తుంది. స్పీడ్ కోసమైతే మధ్యలో తగిలిన రెండు మూడు బంతులే లెక్కలోకి తీసుకోండి. డబ్బు పెట్టేముందు ఒక గంట సిమ్యులేటర్‌కి వెళ్లడమే చవక.

కొత్త_గోల్ఫర్: ఇవాళ క్యాడీని (క్లబ్బుల సంచి మోసే అతన్ని) ముందుకు పంపి బంతి ఎక్కడ పడుతుందో చూడమన్నాను. మూడు మంచి బంతులు, క్యారీ 185 నుంచి 195 మధ్య. మరి ఆ రోజు 240 ఎలా వచ్చిందని అడిగితే, "అది బండకు తగిలి ఎగిరింది కద సార్" అన్నాడు.